ఆరో అంశం

సస్కచ్వాన్ మైదానంలో మా మున్సిపల్ ఆఫీసు:
ఒక గది, దగ్గే హీటరు,
గోడకి మట్టిరోడ్ల మ్యాపు.

ఆరో అంశం, తూము.
పద్దెనిమిది అంగుళాలా, ఇరవై నాలుగా?

ఒరెస్ట్ గోధుమలో నీళ్లు నిలుస్తాయి.
వదిలితే దిగువన గున్నార్ కనోలా మునుగుతుంది.
పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు,
ఏమన్నా నా మినిట్సులోంచే.

"రాసుకో" అంటాడు ఒరెస్ట్
నన్ను చూస్తూ, గున్నార్‌తో.
రాసుకుంటాను.
తుమ్మినా రాసేదాన్నేమో.

తీర్మానం: ఇరవై నాలుగు. కింద ఇంకో కాలవ.
సంతకం పెట్టబోతే గున్నార్ పెన్ను చలికి గడ్డకట్టింది.
ఒరెస్ట్ తన పెన్ను దొర్లించాడు,
అతని వైపు కాదు,
నా వైపు.
నేను అటు జరిపాను.
జీతం అందుకేగా.

బయట మంచు.
తెల్లారకముందే మా గ్రేడరు
ఇద్దరి దారులూ ఒకేలా గీకుతుంది.

పెన్ను సంగతి మినిట్సుకెక్కించలేదు.
గున్నార్ దాన్ని జేబులో పెట్టుకోవడం,
ఒరెస్ట్ అడక్కపోవడం కూడా.