నలభై ఏడు ఆకులు

అహేరి కోర్టులో మా నాయిన పేరు
మూడుసార్లు పిలిచేదాకా ఆయనకు తెలియదు.
దుర్గం ఓబద్యా,
బంట్రోతు నోట్లో పడి ఇంకెవరి పేరో అవుతుంది.
మోచేత్తో పొడుస్తాను. లేస్తాడు.
భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుంటాడు
ఆరాధనలో నిలబడ్డట్టే.
మళ్లీ తారీఖు.

తునికాకు కల్లం డబ్బు లక్షా పన్నెండు వేలు.
పెట్టె తాళం ఓబద్యా దగ్గరే ఉందని
మున్షీ సాంబయ్య రాసిచ్చిన మాట.
రెండో తాళం సంగతి ఏ కాయితంలోనూ లేదు.
కాయితాలన్నీ మరాఠీ. నాయినకు రాదు.
నేను చదివి చెప్తాను,
కొన్ని మాటలు వదిలేసి.

ఏడు నెలలు చంద్రపూర్ జైలు.
వచ్చినాక అవ్వ ఆయన చొక్కాలన్నిటికీ
గుండీలు లోపలికి జరిపి కుట్టింది.
సంఘంలో కానుక సంచి పట్టే పని
ఎవరూ తీసెయ్యలేదు, ఎవరూ ఇవ్వనూ లేదు.
ఆదివారం సంచి తన వరసకొచ్చినప్పుడు
ఆయన చేతివైపు చూడకుండా ఉండటానికి
జనం ఎంత కష్టపడతారో!
ఆయన వేసేది వేసి పక్కవాడికి అందిస్తాడు.

నాకు కోపం. దాచుకోను.
ప్రాణహిత ఒడ్డున మిరపకాయ ఏరుతూ
మండే వేళ్లతోనే ప్రార్థన చేశాను:
ప్రభువా, సాంబయ్య నాలుక మీద...
పూర్తి చెయ్యలేదు.
చేసినట్టే లెక్క.

ఆ రాత్రి మాకు కరెంటు లేదు.
గోదారి అవతల లైట్లు వెలుగుతున్నాయి,
వాళ్లది వేరే రాష్ట్రం, వేరే చీకటి.
"ఒక్కనాడన్న ఆ మున్షీని పట్టుమని
దేవుణ్ణి అడిగినవా నాయినా?"
మంచం కిర్రుమంది.
"అడిగిన. జైల్ల మొదటి నెలంత అదే.
తక్కెడ పట్టు తండ్రీ అన్న.
పట్టిండు.
ముందుగాల నన్నే ఎక్కిచ్చిండు."

ఇరవై రెండేళ్ల కింద,
ఆయన కల్లంలో లెక్కకు కొత్తగా కూర్చున్నప్పుడు,
ఆత్రం సొమ్మి అని పన్నెండేళ్ల పిల్ల,
తల్లి జ్వరంతో పడుకుంటే తనే ఆకు తెంపి
నూరు కట్టలు కట్టి తెచ్చింది.
ఒకటి విప్పి లెక్కపెడితే నలభై ఏడు.
యాభై ఉండాలి.
మూడాకులకు వరసంతా కొట్టేశాడు.
ఆకు మాత్రం కల్లంలోనే ఎండింది.
"ఆ పిల్ల ఏడ్వనే లేదు బిడ్డా.
నా మొకం జూసి తప్పైందన్నది.
ఇన్నేండ్లు నాకు యాదికే లేదు.
జైలు గోడకు ఒరిగితే యాదికొచ్చింది."

నేను ఊరుకోలేదు.
మూడాకులూ లక్షా ఒకటేనా?
చెయ్యని దొంగతనానికి ఎప్పటిదో తెచ్చి
సరిపెడతాడా ఆయన?
"సరిపెట్టుడు గాదు.
ఇది నేను చెయ్యలే. సచ్చేదాక అదే చెప్త.
ఆయనకు ఎరికే.
గని సాంబయ్యను జూసే కన్ను ఒకటి,
నన్ను జూసే కన్ను ఒకటి ఉంటదా ఆయనకు?"

అంకీసా దాటి అడవిలోకి పోయాం, జీపులో కొంత, నడిచి కొంత.
సొమ్మి ఇప్పుడు ముగ్గురి తల్లి.
అంతా విని, గుర్తులేదంది.
నిజంగానే లేదో,
నెరిసిన మనిషి అట్లా నిలబడటం చూడలేకో.
నూరు కట్టల డబ్బు, ఇప్పటి రేటుకు,
నాయిన మంచం మీద పెట్టాడు.
ఆమె లెక్కపెట్టలేదు.
లోపలికెళ్లి ఎండిన ఇప్పపూలు తెచ్చి
నా కొంగులో పోసింది.
దారంతా నాయిన ఒక్కమాట మాట్లాడలేదు.
ముఖం తేలికపడిందని చెప్పలేను,
అలసిపోయి ఉన్నాడు.

పద్నాలుగున మళ్లీ తారీఖు.
ఆ రోజే సాంబయ్య బోను ఎక్కేది.
తువ్వాల ఉతికి దండెం మీద ఆరింది.
నేను నా ఆగిపోయిన ప్రార్థన దగ్గరకు పోయాను:
ప్రభువా, సాంబయ్య నాలుక మీద...
చాలాసేపు అక్కడే ఉన్నాను.
నిజం పెట్టు, అన్నాను చివరికి.
నా నాలుక మీద కూడా.

తెల్లారి ట్రంకుపెట్టెలోంచి కాయితాలు తీసి
వదిలేసిన మాటలతో సహా
మొదటినుంచీ చదివి వినిపించాను.
నాయిన నేల చూస్తూ విన్నాడు.
దొంగ అన్న చోట ఒకసారి తలూపాడు,
ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.
చాయ చల్లారుతోందన్నాడు.