బెల్టు తీసేయవలసిన దారి

ఆ ఏడు చలి మొండికేసింది.
హీయుమా దీవి చుట్టూ సముద్రం గడ్డకట్టి నేలైపోయింది.
జనాభా లెక్కల ట్యాబ్ చంకలో పెట్టుకుని
ఒడ్డు మీది ఆఖరి ఇల్లు తట్టాను.
హెల్వే. ఎనభై ఒక్కేళ్ళు.
పాల కేంద్రంలో పద్దులు రాసిన చెయ్యి.
బూట్లు విప్పమంది. రై రొట్టె మీద ఉప్పుచేప పెట్టింది.
"ఊ, అడుగు" అంది.

వయసు, గదులు, కట్టెల పొయ్యి, బావి
అన్నీ గడగడా చెప్పేసింది.
ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర నా గొంతే కాస్త తగ్గింది.
"మతం?"
"లేదు."
"అంటే, నమ్మనని రాసుకోనా?"
కత్తి రొట్టెలోకి సగం దిగి ఆగింది.

"నమ్మనన్నానా? నమ్మకం లేదన్నాను.
మొదటిది నేను చేసే పని.
రెండోది ఇంట్లో లేని వస్తువు.
నాకు గుర్రం లేదు.
లేని గుర్రానికి రోజుకెంత గడ్డి వేస్తున్నావని
నీ ట్యాబ్ అడుగుతుందా?"

పొయ్యి పక్క బల్ల మీంచి వోల్లి నవ్వాడు.
పక్కింటాయన. చర్చిలో ఆర్గన్ తిత్తులకి అతుకులు వేసే మనిషి.
నలభై ఏళ్ళుగా ప్రతి గురువారం
వీళ్ళిద్దరికీ ఇదే పేకాట.
"గుర్రం లేనివాళ్ళు
దారినపోయే ప్రతి గుర్రాన్నీ ఆపి పళ్ళు లెక్కపెట్టరు, హెల్వే.
నీ గోడకి తలుపే లేదంటావు గాని
రోజూ దీపం ఆర్పేముందు
ఆ గోడని అరచేత్తో తడిమి చూసుకుంటావు.
దాన్నేమంటారు?"

కట్టె ఒకటి చిటపటమంది.
ఆమె రొట్టె కోయడం పూర్తిచేసింది.

"దేవుడు లేడన్నది మాకు బళ్ళో పాఠం.
పుస్తకం ఉండేది, మార్కులుండేవి, గోడ మీద పటాలుండేవి.
క్రిస్మస్ రాత్రి చర్చి మలుపులో
మా లెక్కల టీచరమ్మ మంచులో నిలబడి
లోపలికెళ్ళే పిల్లల పేర్లు రాసుకునేది.
పాపం, వేళ్ళు కమిలిపోయేవి.
అది నమ్మకమే, ఒప్పుకుంటాను. భక్తురాలంటే ఆవిడే.
నాకు నూటికి తొంభై నాలుగొచ్చాయి.
తర్వాత ఆ పుస్తకం పొయ్యిలో వేశాను, బాగానే మండింది.
బైబిలు ఎలా మండుతుందో తెలీదు, ఎప్పుడూ వెయ్యలేదు.
ఇప్పుడు నా దగ్గరున్నది ఆ పాఠం కాదు వోల్లీ.
పాఠం మర్చిపోయాక మిగిలిన మధ్యాహ్నం."

"మరి ఓట్ పడవ తిరిగిరాని రాత్రి?"

"ఎవర్నీ పిలవలేదు. తిట్టడానిక్కూడా.
తిట్టాలంటే ఎదురుగా ఒకరుండాలి కదా."

ఆ మాటకి వోల్లి జవాబు వెతుక్కోలేదు.
కెటిల్ లేచి నీళ్ళు నింపుకొచ్చాడు.

నేను గడి ఖాళీగా వదిలేశాను.
ట్యాబ్ ఎర్రబడింది:
జవాబు ఇవ్వకుండా ముందుకు వెళ్ళలేరు.
హెల్వే కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది.
ఉంది. లేదు. చెప్పలేను. చెప్పను.
"ఏమీ అననివాళ్ళ గడి ఏదీ?"
"లేదండీ."
"అదిగో! ఇప్పుడు నువ్వన్న లేదు, అది ఏ మతం?"

చివరికి ఏ గడి నొక్కానో చెప్పకూడదు.
ఉద్యోగ నియమం.

తిరుగుదారి మంచు మీద.
మొదట్లోనే బోర్డు: సీటు బెల్టు తీసేయండి.
కింద పగిలితే కారులోంచి దూకాలిగా.
ఊళ్ళో బెల్టు లేకపోతే అది మరుపు,
ఇక్కడ లేకపోవడమే నియమం.
అదే భుజం. అదే ఖాళీ.
ఈ మంచు మోస్తుందని నమ్మి దిగానా,
విరుగుతుందన్న నమ్మకం లేక దిగానా?
కాలు పెడల్ మీద ఉంది. అంతవరకు తెలుసు.

సగం దారిలో అద్దంలో చూస్తే
దీవి కొసన ఒక దీపం.
ఆరిపోయింది.
గోడ తడుముతూ ఉండాలి ఈపాటికి,
నిద్రే పోయిందో.

కట్టుకోని బెల్టు బకిలు
తలుపుకి టక్కుటక్కున కొట్టుకుంటూనే ఉంది
అవతలి ఒడ్డు దాకా.