నల్లా వచ్చే పూట

నాలుగు కొట్టకముందే లేస్తడు నాయన.
తలుపెనుక చెయ్యి పెట్టి దేవులాడతడు
ముప్పై రెండేండ్లు భుజం మీద మోసిన
వాల్వు తిప్పే ఇనుప తాళంచెవి కోసం.
సగం మనిషెత్తు ఉండేది అది.
కిందటి కార్తీకంల మా అమ్మ
ఖైరున్నీసా ఆపా ఇంట్ల దాచిపెట్టింది.

దొరక్కపోతే గొడుగు తీసుకుంటడు.
గొడుగు మొన వాకిట్ల బండ సందుల గుచ్చి
ఎడమకు పదకొండు చుట్లు తిప్పుతడు, లెక్కబెట్టుకుంట.
"మైలార్‌గడ్డ అయిపోయింది,
ఇగ బౌద్ధనగర్‌కు ఇడ్వాలె."
వారాసిగూడ మొత్తం అప్పుడు నిద్రల ఉంటది.

గాంధీ దవాఖాన్ల డాక్టరమ్మ కాగితమిచ్చి
గడియారం గియ్యమన్నది.
గుండ్రంగ గీసిండు, చెయ్యి వణకలే.
పన్నెండు అంకెలూ ఒక్క పక్కకే,
ఒకదాని మీదొకటి పడి,
నల్లాకాడ బిందెల లెక్క.
రెండో పక్క తెల్లగ ఇడిసిపెట్టిండు.
"ఇటు దిక్కు ఏం లేదేంది పెద్దాయనా?"
"అటు రేపు సప్లై," అన్నడు.

ఆమె నవ్వలే.
ఫిల్ము వెలుగుకు పట్టి చూపించింది,
అంచులకెల్లి లోపలికి కుంచించుకపోయిన మెదడు.
వయసుతోని వచ్చే యాదిమరుపు గాదమ్మా, రోగమన్నది.
గోళీలు నిమ్మలం చేస్తయి,
పోయింది మళ్ళ తేలేవన్నది.
ఇంకొకటేదో అడగాలనుకున్న నేను.
లిఫ్టు దిగినంక యాదికొచ్చింది.

ఒకనాడు మోటరు బందు జెయ్యక
ట్యాంకి నిండి, మెట్ల మీదికెల్లి, గల్లీ దాకా పారింది.
చుక్క వృథా అయితే బస్తీ మొత్తాన్ని తిట్టిన మనిషి
లుంగీ తడుపుకొని నిలబడి
ఎవరింటి నీళ్ళో అన్నట్టు చూస్తుండు.
నేను అరిసిన. ఎంత గట్టిగంటే
ఎదురింటి కిటికీ మూసుకున్నది.
ఐదు నిమిషాల్ల ఆయన మర్సిపోయిండు.
ఆ సప్పుడు నాకాడ్నే ఉన్నది, ఇంకా.

ఆదివారం తమ్ముడు శ్రీశైలం వస్తడు.
అరటిపండ్లు పెడతడు, ఫోను చూసుకుంట కూసుంటడు.
"నన్ను గుర్తువట్టిండక్కా!" అని సంబురంగ పోతడు.
నాయన పిలిచింది పాత సూపర్వైజరు పేరు.
నేను చెప్పలే.

రాత్రి అమ్మ తన కొంగు
ఆయన మణికట్టుకు కట్టుకొని పంటది.
మా పేర్లు మర్సిన మనిషికి
ముడి ఇప్పుడు మాత్రం చేతులు మర్వలే.

మొన్న నన్ను చూసి లేసి నిలబడ్డడు,
అరచేతులు అంగికి తుడుసుకొని.
"చెప్పున్రి మేడం. ఏ గల్లీ మీది?"
నాయనా నేను, నీ స్వరూపను...
గొంతుల దాకా వచ్చి ఆగింది.
వందసార్లు చెప్పిన ఆ మాట.
వందసార్లూ ఆయన మొకం
దొంగతనం దొరికినోని మొకమయింది.

"రేషన్ దుకాణం ఎనక సార్. ఆకుపచ్చ గేటు."
"నీళ్ళొస్తలేవా?"
"రెండేండ్లాయె."
క్యాలెండర్ కాయితం చింపి ఎనక రాసుకున్నడు.
అక్షరాలు గావు. గీతలు.
కానీ కిందికెల్లి గీత కొట్టి సంతకం పెట్టిండు.
"మీది లైను కొస మేడం, ప్రెషర్ తక్కువుంటది.
ముందు గాలొస్తది, సుయ్యిమంటది.
పరేషానై నల్లా బందు జెయ్యొద్దు.
ఎనకాల మట్టినీళ్ళొస్తయి, అవి పోనియ్యాలె.
గప్పుడు వస్తయి."
"ఎన్నింటికి సార్?"
"నాలుగింటికి. బిందెలు కడిగి పెట్టుకోన్రి."

తెల్లారంగ నాలుగింటికి నేనే లేసిన.
నాయన నోరు తెరిచి పండుకున్నడు.
కొంగు ఆయన చేతికి అట్లనే ఉన్నది,
అమ్మ ఎన్నో దినాలకు ఒళ్ళెరగకుంట నిద్రపోతున్నది.

వాకిట్లకు పోయి నల్లా తిప్పిన.
సుయ్యిమన్నది.
ఎక్కడ్నో గల్లీ చివర్న
ఏ కొత్త పిలగాడో తిప్పుతుంటడు వాల్వు.
కడిగిన బిందె కింద పెట్టి
గడప మీద కూసున్న.

బందు జెయ్యలే.