ఏడో ఆదివారం

పాస్కా పండుగ వెళ్లిన మర్నాడు
గురువుగారి నల్లటోపీలో చీటీలు వేస్తాం.
అజోర్స్ దీవుల్లో మా దీవి ఆచారం అది.
పవిత్రాత్మ వెండి కిరీటానికి
ఏడు వారాలు, ఏడు ఇళ్లు.
పేరొచ్చిన ఇంట్లో దీపం, పూలు, రాత్రిపూట జపమాల.
ఏడో ఇంటివాళ్లు
ఊరందరికీ సూపు పోయాలి.

చీటీలు కత్తిరించేది నేను.
బలిపీఠం గుడ్డలు ఉతికేదీ నేనే,
కాబట్టి ఎవరూ అనుమానించరు.

ఆ ఏడు ఆఖరి చీటీ డెల్ఫిం తీశాడు.
ఆరేళ్లవాడు, ముందు పళ్లు రెండూ ఊడిపోయాయి.
"ఫౌస్తీనో" అని చదివాడు,
పేరులో సగం గాలికే పోయింది.
దగ్గుతున్నవాళ్లు దగ్గు మింగేశారు.

ఫౌస్తీనో గుడి గడప తొక్కి పద్నాలుగేళ్లు.
దేవుడితో పేచీ ఏమీ లేదు,
పేచీ బ్యాండు మాస్టరుతో.
"నీ బాకా శ్రుతి తప్పుతోంది, వెనక వరసకి పో" అన్నాడని
మర్నాడు తెల్లారకముందే
ఇత్తడి బాకాను పిండి సంచిలో చుట్టి
గుడి మెట్ల మీద పెట్టి పోయాడు,
బిడ్డను వదిలేసినట్టు.

మాస్టరు పోయాడు. సమాధికి నాచు పట్టింది.
కోపానికి మాత్రం
ఈయన రోజూ పాలు పితికి పోస్తూనే ఉన్నాడు.

ఆరో వారం జుల్మీరా ఇంటి నుంచి
మంచులో, తుంపరలో
కిరీటం ఎత్తుకుని ఆ కొండదారి ఎక్కాం.
తలుపు తీస్తాడా అని పందేలు కూడా కట్టారు
(నేను కట్టలేదు).
తీశాడు.
చేతులకింకా పేడ వాసన.
"ఎక్కడ పెట్టను?" అన్నాడు.
ఇల్లంతా వెతికితే ఎత్తైన చోటు ఒక్క ఫ్రిజ్.
దాని మీద పాలు వడకట్టే కొత్తగుడ్డ పరిచాడు.

మొదటి రాత్రి ముగ్గురమే.
మంగళవార్త జపం మేం ఆపిన ప్రతిచోటా
ఫ్రిజ్ గుర్రుమంటూ అందుకుంది.
ఆయన గుమ్మం దగ్గర బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చున్నాడు.
నాలుగో రాత్రి
అందరి తర్వాత, ఒక్కడే
"ఆమెన్" అన్నాడు.
శ్రుతి తప్పే ఉంది.

ఆదివారానికి మంచు విడింది.
హైడ్రాంజియా కంచెలు ఒక్కసారిగా నీలంగా బయటపడ్డాయి.
గ్వాల్తెర్ పొయ్యిలో నూట ఇరవై రొట్టెలు,
మూడు డేగిసాల్లో ఎద్దు మాంసం, క్యాబేజీ.
పుదీనా రొట్టె కిందా, పైనా అని
జుల్మీరాకీ వాళ్ల ఆడపడుచుకీ మాట పట్టింపు.
గరిటె ఫౌస్తీనో ఎవరికీ ఇవ్వలేదు.

బ్యాండు వాళ్లు తినడానికి వచ్చారు.
కొత్త మాస్టరు నీడియా, ఇరవై రెండేళ్ల పిల్ల,
ఒక పిండి సంచి తెచ్చి
ఆయన బల్ల మీద పెట్టింది.
అదే సంచి. అదే ముడి.
ఆయన దాన్ని చూడలేదు.
ఆమె గిన్నెలో మాత్రం
రెండు గరిటెలు ఎక్కువ పోశాడు.

సకల పునీతుల పండుగకి
రొట్టె అడుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగిన పిల్లలు చెప్పారు:
పశువుల కొట్టంలో ఏదో మూలుగుతోందట,
ఆవులు పట్టించుకోవడం లేదట.

విభూతి బుధవారం దాటాక
పాపసంకీర్తనం పెట్టె ముందు మోకరించి చెప్పాను:
ఆయన పేరు అడగలేదు ఎవరినీ, స్వామీ,
నేనే రాసి వేశాను.
గురువుగారు చాలాసేపు పలకలేదు.
మూడు పరలోక జపాలు వేశారు.

చెప్పనిది ఒకటుంది.
ఆ రోజు టోపీ దులిపితే
మిగిలిన చీటీల్లో ఒకటి నేను కత్తిరించింది కాదు.
పాల లెక్కల పుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితం.
పెన్సిల్‌తో, కాగితం చిరిగేలా ఒత్తి
ఫౌస్తీనో.
రాత్రి టోపీ గుడి గదిలోనే ఉంటుంది,
మా ఊళ్లో తాళాలు గాలికి తప్ప మనుషులకు వెయ్యం.

డెల్ఫిం తీసిన చీటీని
గురువుగారు అప్పుడే జేబులో వేసుకున్నారు.
అదీ గళ్లకాగితమా, నాదా?
అడగలేదు.

మళ్లీ పాస్కా వస్తోంది.
కత్తెర నూరి పెట్టుకున్నాను.