సీసం రుచి

దూడ తలతో గోడను తోస్తోంది.
గోడంటే గోడ కాదు, ఉన్ని గుడారపు చుట్టు.
తోసినకొద్దీ లోపలికి వంగి మళ్ళీ ఉబుకుతోంది,
లోపలినుంచి ఎవరో వెనక్కి నెడుతున్నట్టు.

బొల్లిముఖం. ఏడు నెలలు.
కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి ఊపాను,
రెప్ప కొట్టలేదు.
పళ్ళు నూరుతున్న చప్పుడు,
నా మోటారు సైకిలు ఆపేశాక కూడా
ఎక్కడో నడుస్తున్న ఇంజనులా.

"గాలి సోకిందా?" అంది యంజ్మా.
"ఏం తింది?" అన్నాను.
"ఈ గోబీలో తినడానికి ఏముందని అడుగుతున్నావు?"

నిజమే. గడ్డి ఉంది, మాటవరసకి.
ఇదివరకైతే ప్రతి వసంతం ఒంటె మీద
ఉప్పుసరస్సు అంచునుంచి తెల్లటి ఖుజిర్ మన్ను తెచ్చేది,
మందంతా చుట్టూ చేరి గడ్డ కరిగేదాకా నాకేది.
ఇప్పుడా దారికి అడ్డంగా బొగ్గు లారీల రోడ్డు.
"దాటబోయిన ఒంటె అక్కడే ఉంది," అంది,
"పక్కటెముకలు రోడ్డు మీంచే కనిపిస్తాయి."

ఉప్పు దొరకని నాలుక ఊరుకోదు.
ఎముక నాకుతుంది, తాడు నములుతుంది,
మనుషులు ఒంటేలు పోసిన చోట మట్టి తింటుంది.
గుడారం చుట్టూ వెతికాను.
తెగిన జీను. చిల్లిపడ్డ పాలక్యాను.
వెనక, పిడకల కుప్ప పక్కన,
సోలారు పలకకి కట్టిన పాత బ్యాటరీ, మూత ఊడి.
బూడిదరంగు రేకుల మీద నాలుక గీతలు.
ఎంత ఇష్టంగా నాకిందో!
ఉప్పగా, కాస్త తియ్యగా ఉంటుందట.
నేను రుచి చూడలేదు.
చూసినది చెప్పలేదు.

యంజ్మా దాన్ని ఎత్తుకోబోయింది. వద్దన్నాను.
"నాలుగు చలికాలాలు మాకిదే దీపం.
మా నొమిన్ కూడికలు నేర్చింది దీని వెలుగులోనే.
వీడు పుట్టిన రాత్రి మంచులో
నేను లైటు పట్టుకున్నదీ దీనితోనే."
కాసేపాగి,
"చచ్చిన బ్యాటరీని ఏం చెయ్యాలో
అమ్మినవాడు చెప్పలేదు."

సీసానికి విరుగుడు నా సంచిలో ఒక్క సీసాయే ఉంది.
ఎక్కించాను. ఆలస్యమైందని చేతికి తెలుస్తూనే ఉంది.
మిగతా పదకొండు పశువుల నెత్తురూ గొట్టాల్లోకి తీసి
చెప్పాల్సినవి చెప్పాను:
చస్తే మాంసం తినొద్దు. కుక్కలకి వెయ్యొద్దు.
పట్నంనుంచి ఫలితం వచ్చేదాకా
పాలు తాగొద్దు.
ఒక్కోదానికీ తలూపింది,
సాయంత్రం మందను లెక్కపెట్టినట్టు.

తెల్లవారి లేచేసరికి
ఆమె తూర్పుకి తిరిగి నిలబడి ఉంది.
ఎడమచేత బకెట్టు, కుడిచేత తొమ్మిది గుంటల కొయ్యగరిటె.
తొలిపాలు ఆకాశానికి చల్లాక గాని
ఆ గుడారంలో టీ కాగదు.
గరిటె ఎత్తింది. ఆగింది.
నా వైపు చూసింది.

"ఆకాశానికి పరవాలేదా?"

అయిదేళ్ళు చదివాను ఈ వైద్యం.
విషాల పేపరులో నాకే మొదటి మార్కు.
గరిటెలో పాలు వణకకుండా
ఆమె ఇంకా ఎదురుచూస్తోంది.

గుడారపు చుట్టు దగ్గర పళ్ళ చప్పుడు
ఎప్పుడు ఆగిందో
ఇద్దరం వినలేదు.