మూడొందల పన్నెండు యూనిట్లు

మా కార్డు చచ్చిపోయిందని
సచివాలయంలో పిల్లోడు చెప్పినాడు.
చిన్నగానే చెప్పినాడు, పాపం,
స్క్రీను నా తట్టు తిప్పి మరీ చూపించినాడు:
మూడొందల పన్నెండు యూనిట్లు.

ఒక మీటరు, మూడు పొయ్యిలు, నాయనా.
ముందర గదిలో మేము, వెనకింట్లో వన్నూరప్పోళ్ళు,
మిద్దెమీద రేకుల కింద ఎవరో మొలకాల్మూరోళ్ళు.
పైగా రెండు కుట్టు మిషన్లు,
రేయింబగళ్ళు జీన్సు జేబులు కుడతా ఉంటాయి.
ప్యాంట్లు బళ్ళారి పోతాయి, బెంగుళూరు పోతాయి,
కరెంటు మాత్రం నా పేరునే ఉండిపోతాది.

రాయదుర్గంలో ఆ నెల
మా ఒక్క వీధిలోనే పదకొండు కార్డులు పోయినాయి.
బియ్యం బండి మా గడప దాటిపోతా
హారన్ మాత్రం కొట్టింది, అలవాటుగా.

మాబున్ని గుండీల అంగట్లో
మూలన ఒక రేకు డ్రమ్ము, రివెట్లు పోసుకునేది.
దాన్ని చింతపండుతో తోమి, ఎండబెట్టి,
అరుగుమీదికి లాగి, నాలుగు పడుల బియ్యం పోసి
ఒక స్టీలు గ్లాసు వేసింది. అంతే.
బోర్డు లేదు, పుస్తకం లేదు, వేలిముద్ర అసలే లేదు.
"పోసేవాళ్ళు పోయండి, తీసేవాళ్ళు తీయండి,
నాకు గుండీలు లెక్కపెట్టే పనుండాది."

మొదటిసారి నేను కరెంటు పోయినప్పుడు పోయినా.
చీకట్లో కొంగులోకి ముంచుకుంటాంటే
గ్లాసు కోసం వెనక ఎవరో నిలబడి ఉండారు.
గాజుల చప్పుడుకు గుర్తుపట్టినా.
వన్నూరప్ప పెండ్లాం.
ఇద్దరమూ మాట్లాడుకోలే.
మరుసనాడు కొళాయికాడ కూడా.

వాషింగ్ యూనిట్ యజమాని పాతిక కేజీల మూట తెచ్చి
ఫోన్ తీసుకుని నిలబడినాడు.
"మూటను తీసుకో, మనుషులు పడకూడదు" అనింది మాబున్ని.
దిగులుగా మూటకే ఫోటో తీసుకుని పోయినాడు.
వేరుశనగ ఎండిపోయిన ఓబన్న కొర్రలు తెచ్చి
బియ్యంలోనే పోసేసినాడు.
తిట్టుకుంటా చేటల్లో వేరుచేసినాం కొంచేపు,
ఎందుకులే అని అట్లాగే వండేసినాం.

ఆ మాపు పంటి కింద కటుక్కుమనింది.
తీసి చూస్తే ఇత్తడి రివెట్టు.
మా చిన్నది కడిగి దాచుకునింది.

నేను ఇప్పటికీ సోమవారం సోమవారం అర్జీ పెడతానే ఉండా.
డ్రమ్ము డ్రమ్మే, సర్కారు కాదు.
ఇరవయ్యో తారీఖు దాటితే దానికీ డొక్క కనబడతాది.
నా బియ్యం నాకు రావాల,
వచ్చినాక ఏం చేయాల్నో నాకు తెలుసు.
అంతవరకూ జేబుల డబ్బులొచ్చిన శనివారం
రెండు గ్లాసులు పోసొస్తా.
ఒకటి బాకీ. ఒకటి ఊరికే.

గ్లాసు అడుక్కు తగిలితే టంగుమంటాది.
ఆ చప్పుడు వీధికంతా తెలుసు.
నిన్న మిట్టమధ్యాన్నం మోగింది.
మిషన్లు ఆగినాయి, ఒకటొకటే.
ఎవరూ ఏమీ అనలే.
మిద్దెమీది మొలకాల్మూరామె
చేట పట్టుకుని దిగతాంది,
మెట్టు మెట్టుకూ
గింజ రాలకుండా చూసుకుంటా.