పదిలో ఎంత

నొప్పి పదిలో ఎంత? అంటాడు బోరుట్.
రెండు, అంటుంది నేజా.
అడిగింది మోకాలి గురించే కదా.

క్రాన్ ఆసుపత్రి కిటికీలో
స్కీ జంప్ కొండ కనిపిస్తుంది.
ఆమె కూర్చునే కమ్మీ మీద ఇప్పుడు
పదహారేళ్ల పిల్ల, దూదిపింజ.

తేలికైనవాళ్లే దూరం ఎగురుతారని
ఎనిమిదో ఏట నేర్పారు.
ఎగరని రోజుల్లో ఎంత తినాలో
ఎవరూ నేర్పలేదు.

పొద్దున తూకం, మధ్యాహ్నం తూకం,
రాత్రి అందరూ పడుకున్నాక
కట్టు విప్పి మళ్లీ తూకం.
కట్టు బరువు నాలుగువందల గ్రాములు, ఆమెకు కంఠతా.

ఈవేళ కోటు తగిలిస్తుంటే
జేబులోంచి రాలాయి
అమ్మ కట్టిచ్చిన రొట్టె ముక్కలు,
సోమవారంవి, మంగళవారంవి, ఎండి రాళ్లయినవి.

బోరుట్ వంగి ఏరాడు. ఏమీ అనలేదు.
కాగితం మీద రెండు కొట్టేసి
పెన్ను ఆమె చేతికిచ్చాడు.